తబలా ఆగిన చోట: ఒక డిస్కో రికార్డు చరిత్ర

ఇటీవల మన విద్యార్థులలో సంగీత ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక మాట గర్వంగా వినవస్తున్నది. "ఆసిడ్ హౌస్" అనే పేరుతో 1987 నుంచి పాశ్చాత్య దేశాల యువతరాన్ని ఊపివేసిన ఎలక్ట్రానిక్ నాట్యసంగీతాన్ని, వారికంటె అయిదేళ్ల ముందే బొంబాయిలో ఒక భారతీయుడు కనిపెట్టాడట. ఆయన చరణ్‌జిత్ సింగ్. ఆ రికార్డు పేరు "సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్". 1982లో తయారై, 1983లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ద్వారా వెలువడింది. రికార్డు నిజం, తేదీలు నిజం. కాని "మనమే ముందు" అనే ముగింపు మాత్రం పుష్పక విమానాన్ని చూపి విమానం మనదేననే వాదానికి తమ్ముడి వరస అవుతుంది. అభ్యుదయవాదులమని చెప్పుకునేవారు కూడా ఈ తీపికి లొంగిపోవడం చూస్తే, ఆ రికార్డు అసలు చరిత్రను ఒకసారి విప్పి చూడవలసిన అవసరం కనిపిస్తున్నది.

చరణ్‌జిత్ సింగ్ ప్రవక్త కాడు, కూలికి వాయించే కళాకారుడు. శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్ వంటి సంగీత దర్శకుల వాద్యబృందాలలో గిటారు, మీటల వాద్యాలు వాయించి పొట్టపోసుకున్నాడు. పెళ్లిళ్లలోనూ వాయించాడు. సినిమా పాట కింద సంగీత దర్శకుని పేరు, గాయకుని పేరు పడతాయి. బృందంలో యాభైమంది వున్నా వారి పేర్లు పడవు. అలాంటి బృందాలలో బతికిన శ్రామికుడు ఒక కొత్త రకం రికార్డు చేయడానికి పూనుకున్నాడు. కాలమా, డిస్కో కాలం. 1980లో "ఖుర్బానీ", 1981లో నాజియా హసన్ పాడిన "డిస్కో దీవానే", 1982 చివర "డిస్కో డాన్సర్". మన తెలుగు చిత్రాలలో చక్రవర్తి ఈ వరుసలు అప్పటికే కడుతున్నాడు. 1986లో "సింహాసనం"తో బప్పీ లాహిరియే స్వయంగా వచ్చాడు. ఈ గాలిలో చరణ్‌జిత్ సింగ్ పది రాగాలు తీసుకొని వాటికి డిస్కో నడక కట్టాడు.

ఆ రాగాలు మనకు పరాయివి కావు. భూపాలీ మన మోహనం, యమన్ మన కల్యాణి, మాల్‌కౌంస్ మన హిందోళం, బైరాగీ మన రేవతి, హిందుస్తానీ తోడి మన శుభపంతువరాళికి చుట్టం. వాయించిన సాధనాలు మూడు, మూడూ జపాను దేశపు రోలండ్ కంపెనీవే. రాగం పలికించడానికి జూపిటర్-8 అనే సింథసైజరు, దరువుకు టీఆర్-808, మంద్రస్వరాలకు టీబీ-303. ఈ మూడవ దానినే కాస్త నిలిచి చూడాలి. గిటారు వాద్యకాండ్రకు తోడుగా మంద్రస్వరం వాయించే మనిషి లేకుంటే, ఆ లోటు తీర్చడానికని చేసిన చిన్న పెట్టె అది. పదహారు గళ్లలో స్వరాలు ముందే అమర్చి వదిలితే అవే మళ్లీ మళ్లీ తిరుగుతాయి. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే సౌకర్యం కూడా అందులో వున్నది. గమకానికి అలవాటుపడిన చెవికి ఆ జారుడు ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు. కొద్దిపాటి ఆలాపన, ఆపైన ఒకే వేగంతో కొట్టుకునే దరువు, దాని కింద ఎడతెగకుండా మెలికలు తిరిగే మంద్రస్వరం: ఇదీ ఆ రికార్డు కట్టుబడి. వింటే కాళ్లు నిలవవు.

అయినా అమ్ముడుపోలేదు. శాస్త్రీయ సంగీత శ్రోతలకు అది అపచారం, డిస్కో శ్రోతలకు అందులో పాట లేదు. అక్కడితో రికార్డు మరుగునపడిపోయింది.

ఇప్పుడు చికాగో సంగతి. అక్కడ డిస్కో కేవలం ఫాషను కాదు. నల్లజాతి, లాటిన్ యువకులు, ముఖ్యంగా వారిలోని స్వలింగప్రేమికులు, పగలంతా పడిన అవమానాన్ని రాత్రిపూట మరచిపోయే చోటు డిస్కో క్లబ్బు. 1979 జులై 12న అదే నగరంలో బేస్‌బాల్ మైదానంలో వేలాది జనం, అత్యధికులు శ్వేతజాతి యువకులు, డిస్కో రికార్డులను గుట్టపోసి పేల్చివేశారు. సంగీతాభిరుచి పేరుతో సాగిన ఆ కేకలలో జాతి విద్వేషం ఎంత వున్నదో తరువాతి చరిత్రకారులు చర్చించారు. అలా తరిమివేయబడిన సంగీతం "హౌస్" అనే కొత్త రూపంలో తలెత్తింది. టీబీ-303 అప్పటికే బజారులో ఓడిపోయింది. పదివేలకు అటూయిటూగా తయారుచేసి 1984లో కంపెనీ దాని ఉత్పత్తి ఆపివేసింది. పాతసామాన్ల కొట్లలో అగ్గువకు దొరికిన ఆ పెట్టెనే "ఫ్యూచర్" అనే చికాగో యువకుల బృందం పట్టుకుంది. తయారుచేసినవాడు తలపెట్టని విధంగా దాని గుబ్బలు తిప్పి, ధ్వనిని మెలిపెట్టి, 1987లో "ఆసిడ్ ట్రాక్స్" వెలువరించింది. వారు బొంబాయి రికార్డును విన్న దాఖలా లేదు. బొంబాయిలో ఒక కూలి వాద్యకాడు, చికాగోలో పేద నల్లజాతి పిల్లలు, ఒకే యంత్రం నుంచి ఒకే జాతి ధ్వనిని వేర్వేరుగా రాబట్టారు. ఒకే ఉత్పత్తిసాధనం రెండు చోట్ల దగ్గరి ఫలితాలను ఇవ్వడంలో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. ఇందులో దేశాల పరుగుపందెం వెదకడం చరిత్ర కాదు. పైగా మనవాడే ముందని జబ్బలు చరచడం ఆ నల్లజాతి యువకుల సృష్టిని కాజేయడమే అవుతుంది.

పందెం వదిలేస్తే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఈ ఆలోచన ఎలా వచ్చిందో చరణ్‌జిత్ సింగ్ చాలా ఏళ్ల తరువాత చెప్పాడు: రాగాలు వాయించాలి, డిస్కో దరువు వేయాలి, తబలా ఆపివేయాలి. ఈ చివరి మాట విమర్శకులు గమనించినట్లు లేదు. తబలా ఆగడమంటే తబలా వాయించే మనిషి ఆగడం. చేసినవాడు పెట్టుబడిదారు కాడు, తోటి కళాకారుడే, చేసింది ఒక్క ప్రయోగానికే. కాని ఆ తరువాత పదేళ్లలో సినిమా స్టూడియోలలో ఇదే నియమమైంది. ఒక సింథసైజరు వచ్చిన చోట వయొలిన్ల వరుస లేచిపోయింది.

దీనిని అర్థం చేసుకోవడానికి బొంబాయి దాకా పోనక్కరలేదు, ఎమ్మిగనూరు చాలు. మగ్గం మీద జాకార్డు ఎరిగినవారికి టీబీ-303 చూడగానే అర్థమవుతుంది. అట్టలలో రంధ్రాలు ముందే కొట్టి వుంటాయి, అవి తిరిగిన కొద్దీ అదే పువ్వు మళ్లీ మళ్లీ పడుతుంది. నేతలో 1804 నాటికే ఫ్రాన్సులో జరిగిన పని సంగీతంలో నూటడెబ్బయి యెనిమిదేళ్లకు ఇలా బొంబాయి చేరింది. మరమగ్గం వచ్చి చేనేతవాని కూడు తీసింది. 1985లో కేంద్ర ప్రభుత్వం 22 రకాల బట్టలను చేనేతకు ప్రత్యేకించి చట్టం చేసింది, ఆ 22 తరువాత 11 అయినాయి. ఆ పదకొండయినా మరమగ్గాల మీద నేయడం లేదని గుండె మీద చెయ్యివేసుకొని చెప్పగలవారెవరు? అయితే ఎమ్మిగనూరు మరొక పాఠం కూడా చెప్పింది. 1938లో మాచాని సోమప్ప చొరవతో ఇక్కడ నేతగాండ్ర సహకార సంఘం ఏర్పడింది. నూలు, అమ్మకం షావుకారు గుప్పిట నుంచి కొంత జారి నేసేవారి చేతికి వచ్చాయి. సంఘం తరువాత తరువాత ఎంత క్షీణించినా ఆ అనుభవం అబద్ధం కాదు. స్టూడియో కళాకారులకు అటువంటి పట్టు దొరకలేదు గనుకనే యంత్రం వచ్చిన లాభం నిర్మాతకు, నష్టం వాద్యకానికి మిగిలింది.

కాని తప్పెట దగ్గర ఈ లెక్క ఇంత సులువుగా తేలదు. మన పల్లెలలో తప్పెట కొట్టడం మాదిగలకు కళ కాకముందు కట్టుబాటు. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, దండోరాకు కొట్టాలి, కొట్టనంటే దెబ్బలు. గింజలిచ్చినా ఇవ్వకపోయినా కొట్టాలి. ఆ వెట్టి చేసిన తండ్రి కొడుకు, డీజే పెట్టెలు వచ్చి తప్పెట మూలపడితే మంచిదేనంటే, అతనికి జానపద కళల రక్షణ గురించి ఉపన్యాసమిచ్చే అర్హత మనకు లేదు. అదే తప్పెట 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమంలో ఆత్మగౌరవానికి గుర్తయింది. చర్మం మారలేదు, కొట్టమని చెప్పేవాడు మారాడు.

ఇక రాగానికి డిస్కో కలిపితే కల్తీ అని ముఖం చిట్లించే పండితులకు ఆదోని సమాధానం చెప్తుంది. బిజాపూరు పాలనలో ఇక్కడ అధికారం నెరపిన సిద్ది మసూద్‌ఖాన్ ఆఫ్రికా మూలాలవాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బజారులో నడిచే వూరు ఇది. పీర్ల పండుగలో గుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ ఒకే దరువుకు అడుగువేస్తారు. హైదరాబాదు పెళ్లి వూరేగింపుల మర్ఫా వాద్యమయితే నిజాం కొలువులోని సిద్దీల నుంచి, యెమెన్ అరబ్బుల నుంచి వచ్చినదే.

మరుగునపడిన ఆ రికార్డును 2002లో ఎడో బౌమన్ అనే డచ్చి సేకర్త ఢిల్లీ పాత రికార్డుల కొట్టులో చూశాడు. ఆ తరువాత ఆయనే వెదికి చరణ్‌జిత్ సింగును బొంబాయిలో కలుసుకున్నాడు. 2010లో రికార్డు తిరిగి వెలువడింది. డెబ్బయి దాటిన వయసులో ఆ వాద్యకాడు ఐరోపా వేదికల మీద ఆ పది రాగాలు మళ్లీ వాయించి, 2015 జులైలో కన్నుమూశాడు. పేరు వచ్చింది, కాని ముప్ఫై యేళ్లు ఆలస్యంగా, ఆ పెట్టెలను పూజావస్తువులుగా మార్చుకున్న విదేశీ బజారు ద్వారా వచ్చింది.

మన వైపు పెళ్లిళ్లలో ఇప్పుడు లారీ మీద డీజే పెట్టెలు, లాప్‌టాప్ ముందు ఒక కుర్రవాడు. ఎక్కడో రికార్డయిన జానపదానికి ఎవరో కట్టిన దరువు. పాడినామె ఎవరో, ఆమెకేమి ముట్టిందో పెట్టెలకు బాడుగ కట్టేవాడు అడగడు. కొన్నిచోట్ల ఆ లారీ ముందు తప్పెట బృందం కూడా నడుస్తుంది. యంత్రపు వేగాన్ని అందుకోవడానికి తప్పెటవాడు తన దరువు మార్చుకున్నాడు, యంత్రం అతని కోసం ఏమీ మార్చుకోలేదు. మాఘమాసపు ముహూర్తాలు ముగిసేసరికి పెట్టెలు గోదాములోకి పోతాయి, తప్పెటవాడు సంసారంతో సహా గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతాడు.