నార తీసిన చేతులు

గోంగూర లేనిదే తెలుగింటి విందు పూర్తికాదు. మహారాష్ట్రంలో అంబాడీ అనీ, కన్నడ సీమలో పుండి అనీ, తమిళనాట పుళిచ్చకీరై అనీ అడిగి మరీ తెచ్చుకుంటాము. కాని ఆకు దూసుకున్న తరువాత మిగిలే గోగుకాడలో మన పెద్దల చరిత్ర కొంత ఉన్నదన్న సంగతి మరచిపోయాము. ఆ సంగతి మాకు జ్ఞాపకం చేసినది ఒక జర్మను చిత్రకారుని పటము.

బెర్లిన్ నగరానికి చెందిన మాక్స్ లీబర్‌మన్ (1847–1935) హాలండులోని లారెన్ గ్రామంలో అవిసెనార వడికే కొట్టాన్ని 1887లో చిత్రించాడు. కిటికీల వెలుగులో పిల్లలు కూర్చుండి చక్రాలు త్రిప్పుతున్నారు. కర్రజోళ్లు తొడిగిన స్త్రీలు బారులుగా నిలిచి దారాలు తీస్తున్నారు. పటం వెడల్పు 2 మీటర్లకు పైనే. మహారాజులకు ఇచ్చేటంత చోటు కూలిజనానికి ఇచ్చాడు. ఆ పటం నేడు బెర్లిన్ జాతీయ చిత్రశాలలో ఉన్నది.

విచారించి చూస్తే తైలచిత్రమే నారపనివారి చలవ. చిత్రకారులు వాడే మేలైన గుడ్డ అవిసెనారది. రంగులు కలిపే నూనె అవిసె గింజలది. కాన్వాసు అన్న మాట సైతం గంజాయి జాతి నారమొక్కకు లాటినులో గల కన్నాబిస్ అనే పేరునుండి పుట్టినదే. మన గోగుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హైబిస్కస్ కన్నాబినస్. ఆ నారమొక్కను పోలినది అని దాని భావము.

గోగునార భీమునిపట్నం రేవునుండి ఎగుమతి కావటంచేత వర్తకులు దానిని "బిమ్లీ జూటు" అన్నారు. ఊరి పేరు లోకానికి తెలిసింది గాని ఆ పాటు తెలియలేదు. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరవేసి, కుళ్లు వాసన కొట్టే నీటిలో నడుములోతున నిలిచి నార ఒలవాలి, ఉతికి ఆరవేయాలి. నెల్లిమర్ల, చిట్టివలసలలో గోనె మిల్లులు వెలిసినవి. ఉత్తరాంధ్ర, గంజాం జిల్లాలనుండి ఎందరో హుగ్లీ ఒడ్డున టిటాగఢ్ మొదలైన చోట్ల మిల్లులకు వలసపోయారు. వారు నేసిన గోనెసంచులు ఖండాంతరాలకు వెళ్లినవి.

మన ఇండ్ల గోడలమీది పటాలలో తాతలు ఉతికిన చొక్కాలతో, చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంటారు. నీటిలో నిలిచి నార ఒలిచిన తాత పటం ఎవరింట ఉన్నది? మనలో ప్రతివారూ లీబర్‌మన్ కాలేరు. కాని మన వలసకు ముందు ఏ పని చేశాము, ఏ పని వెతుక్కుంటూ వచ్చాము అని ఇంటి పెద్దలను అడిగి నాలుగు మాటలు వ్రాసిపెట్టుకొనవచ్చును. ఈ ఉగాదికి పంచాంగశ్రవణం ముగిసిన పిమ్మట, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఆ పని ప్రారంభిద్దాము.