గ్రంథభాష, రోగిభాష: వైద్యసేవకులకు ఇంగ్లీషు బోధన చరిత్ర

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ శివార్లలో ఉర్లా అనే పారిశ్రామికవాడ ఉన్నది. ఇనుము, ఉక్కు కర్మాగారాలకు పేరొందిన ఈ ప్రాంతంలో ఛత్తీస్‌గఢీ, హిందీ, ఒడియా భాషలతోపాటు తెలుగు కూడ వినవస్తుంది. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం ఉత్తరాంధ్రను ఈ నగరంతో జోడించింది. 1959లో ఉత్పత్తి ప్రారంభించిన భిలాయి ఉక్కు కర్మాగారం దేశం నలుమూలల నుండి కార్మికులను ఇటువైపు ఆకర్షించింది. ఇటువంటి చోట కొలిమి వద్ద చేయి కాల్చుకొన్న కార్మికుడు ఆసుపత్రికి వస్తే, అతడు తన బాధను ఒక భాషలో చెప్పుకొంటాడు. నర్సు దానిని మరొక భాషలో వింటుంది. వైద్యుడు ఇంగ్లీషులో వ్రాసుకొంటాడు. ఈ మూడింటి నడుమ ఒక్క మాట జారిపోయినా నష్టపోయేది రోగియే.

2024 సెప్టెంబరు 14న, హిందీ దినోత్సవ సందర్భంగా, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం వైద్యవిద్యను హిందీలోనూ బోధించనున్నట్లు ప్రకటించింది. అంతకు రెండేళ్ళ ముందు, 2022 అక్టోబరులో, మధ్యప్రదేశ్‌లో మొదటి సంవత్సరం వైద్య విద్యార్థులకు హిందీ పాఠ్యగ్రంథాలు వెలువడ్డాయి. ఇంకొక వైపు అదే రాష్ట్రాల నుండి, తెలుగు రాష్ట్రాల నుండి నర్సులు, వైద్యులు విదేశీ కొలువుల కోసం ఇంగ్లీషు శిక్షణ పొందుతున్నారు. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు ధోరణుల మూలాలు సుమారు రెండు శతాబ్దాల వెనుక ఉన్నవి. ఆ చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వైద్యసేవకునికి గ్రంథభాష, సహచరుల భాష, రోగిభాష అనే మూడూ అవసరమే. కాని ప్రతి తరమూ వీటిలో ఒకదానిని చేపట్టి, తక్కిన వాటిని ఏమరింది.

1835: ఒక మలుపు

1822లో ఈస్టిండియా కంపెనీ కలకత్తాలో నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్‌ను స్థాపించింది. సైన్యంలోను, ఆసుపత్రులలోను యూరోపియన్ వైద్యులకు తోడ్పడే దేశీయ సహాయకులను తయారుచేయడం దాని ఆశయం. అక్కడ బోధన దేశభాషలలో సాగేది. సంస్థ బాధ్యతలు వహించిన పీటర్ బ్రెటన్ శరీరభాగాల పేర్లను, వైద్యపదాలను ఇంగ్లీషు, అరబ్బీ, పారశీకం, హిందీ, సంస్కృతం అనే అయిదు భాషలలో ప్రక్కప్రక్కన కూర్చి 1825లో ఒక పదకోశం వెలువరించారు. వైద్యునికి ఒక్క భాష చాలదన్న ఎరుక ఆనాడే ఉన్నదనుటకు అది నిదర్శనం.

ఆ ఎరుక ఎంతోకాలం నిలువలేదు. 1833లో గవర్నరు జనరల్ విలియం బెంటింక్ ఒక సంఘాన్ని నియమించారు. ఆ సంఘం ఎదుట దేశభాషల పక్షాన జాన్ టైట్లర్, ఇంగ్లీషు పక్షాన మతబోధకుడు అలెగ్జాండర్ డఫ్ వాదించారు. ఇంగ్లీషు పక్షమే గెలిచింది. 1835 జనవరి 28న వెలువడిన ఉత్తర్వు పాత సంస్థను మూసివేసి, ఇంగ్లీషు మాధ్యమంలో కొత్త వైద్య కళాశాలకు దారి వేసింది. కొద్ది దినాలకే, ఫిబ్రవరి 2న, మెకాలే తన విద్యా నివేదికను సమర్పించారు. మదరాసులో వైద్య పాఠశాల ప్రారంభమైనదీ ఆనాడే. తెలుగువారికి ఆధునిక వైద్యవిద్య చేరువైనది ఈ మదరాసు ద్వారం గుండానే కనుక, ఇంగ్లీషు రానివారికి ఆ ద్వారం మూసియున్నట్లే అయింది.

అయితే ఆచరణలో ఇంగ్లీషు ఒక్కటే సరిపోలేదు. కలకత్తా కళాశాలలోనే 1839లో హిందుస్తానీ తరగతిని, 1850ల ఆరంభంలో బెంగాలీ తరగతిని తెరువవలసి వచ్చింది. గ్రామాలకు, పటాలాలకు కావలసిన వైద్య సహాయకులు కేవలం ఇంగ్లీషు తరగతుల నుండి తగినంతమంది రాలేదు.

హైదరాబాదు అనుభవం

ఈ విషయంలో హైదరాబాదు సంస్థానం చరిత్ర మరింత విలక్షణమైనది. నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలంలో, 1846లో, రెసిడెన్సీ సర్జన్ డాక్టర్ మెక్లీన్ ఆధ్వర్యంలో హైదరాబాదు వైద్య పాఠశాల నెలకొన్నది. పాశ్చాత్య వైద్యాన్ని అక్కడ ఉర్దూలో బోధించారు. 1855లో ఉర్దూ వైద్య పత్రిక ‘రిసాలా తిబాబత్’ వెలువడింది. అయితే 1880ల మధ్యలో ఎడ్వర్డ్ లారీ బాధ్యతలు స్వీకరించిన తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. క్లోరోఫాం భద్రతపై 1888, 1889 సంవత్సరాలలో జరిగిన హైదరాబాదు పరిశోధనలతో ఆ పాఠశాల ప్రపంచ వైద్య వాఙ్మయంలో చోటు సంపాదించుకొన్నది. పరిశోధనా ఫలితాలు లండను వరకు చేరడానికి ఇంగ్లీషు ఉపకరించిన మాట నిజమే.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడడంతో చక్రం మరల తిరిగింది. అనువాద శాఖ పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఉస్మానియా వైద్య కళాశాలలో ఉర్దూ బోధనాభాష అయింది. ఇంగ్లీషు మాత్రం నిర్బంధ పాఠ్యాంశంగా కొనసాగింది. గ్రంథం ఒక భాషలో, ప్రపంచంతో సంబంధం మరొక భాషలో అనే ఈ ఏర్పాటు ఆలోచించి చేసినదే. కాని సంస్థానంలో అధిక సంఖ్యాకులైన తెలుగువారికి, వారితోపాటు మరాఠీ, కన్నడ ప్రజలకు ఉర్దూ కూడ నేర్చుకొనవలసిన భాషయే. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత వైద్య బోధన మళ్ళీ ఇంగ్లీషు వైపు మరలింది. ఒక్క శతాబ్ద కాలంలో ఉర్దూ, ఇంగ్లీషు, ఉర్దూ, ఇంగ్లీషు అని నాలుగు దశలు గడిచినా, జిల్లాల నుండి వచ్చే తెలుగు రోగి మాట ఏ పాఠ్యప్రణాళికలోనూ ప్రధానస్థానం పొందలేదు.

గుంటూరులో ఎదురు పాఠం

ఆ కాలంలోనే తీరాంధ్రలో భాషాభ్యాసం ఎదురు దిశలో జరిగింది. అమెరికాకు చెందిన లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు చేరారు. తెలుగు నేర్చుకొని, స్త్రీలకు, పిల్లలకు వైద్యం సాగించారు. 1898లో ఆమె కృషితో ఆసుపత్రి ప్రారంభమైంది. పరపురుషుడైన వైద్యునికి చెప్పుకొనలేని బాధలను తెలుగు స్త్రీలు ఆమెకు తమ మాటలలో చెప్పుకొనగలిగారు. వైద్యవిద్యను ఇంగ్లీషులో అభ్యసించిన వైద్యురాలు, రోగి మంచం వద్ద రోగిభాషలో మాట్లాడటం నేర్చుకొనవలసి వచ్చింది. ఇంగ్లీషు నేర్చుకొంటున్న తెలుగు నర్సుకు ఇదే పాఠం అద్దంలో తలక్రిందులుగా కనిపిస్తుంది.

విశాఖపట్నంలో 1902లో వైద్య పాఠశాల, 1923లో ఆంధ్ర వైద్య కళాశాల నెలకొన్నవి. అక్కడా మాధ్యమం ఇంగ్లీషే. వార్డులో మాత్రం తెలుగే. విద్యార్థి పగలు ఇంగ్లీషులో చదివినదానిని సాయంకాలానికి తెలుగులో అడగడం తనంతట తానే అలవరచుకొనవలసి ఉండేది.

స్వాతంత్ర్యానంతరం

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్లభాషా సంస్థ ఏర్పడటం ఇంగ్లీషు బోధనలో ముఖ్యఘట్టం. సాహిత్య పఠనమే ఇంగ్లీషు చదువుగా చలామణి అవుతున్న రోజులలో, భాషను ఒక నైపుణ్యంగా బోధించే పద్ధతులలో ఆ సంస్థ దేశవ్యాప్తంగా ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చింది. అది 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంకొక వైపు 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం, 1968లో తెలుగు అకాడమి వచ్చాయి. పాఠశాలల్లో తెలుగు మాధ్యమం విస్తరించింది. వైద్య, నర్సింగ్ విద్య మాత్రం ఇంగ్లీషులోనే నిలిచింది. ఫలితంగా పల్లె బడిలో తెలుగులో చదివి నర్సింగ్ పాఠశాలలో చేరిన బాలిక శరీర నిర్మాణశాస్త్రాన్నీ, ఇంగ్లీషునూ ఏకకాలంలో నేర్చుకొనవలసి వచ్చింది. బట్టీ పట్టి పరీక్షలో నెగ్గడం ఒకటి. అర్ధరాత్రి ఫోనులో వైద్యునికి రోగి స్థితిని వివరించడం మరొకటి.

ఈ లోపాన్ని గుర్తించిన దాఖలాలు ఇటీవలి పాఠ్యప్రణాళికలలో కలవు. 2019లో అమలులోకి వచ్చిన వైద్యవిద్యా ప్రణాళికలో ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషను నేర్పే ప్రారంభ శిక్షణ, వైఖరి, నైతికత, సంభాషణ అనే ప్రత్యేకాంశం చేరాయి. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బి.ఎస్సి. నర్సింగ్ ప్రణాళిక మొదటి సెమిస్టరులో సంభాషణాత్మక ఇంగ్లీషును పాఠ్యాంశంగా పేర్కొన్నది.

సముద్రాల ఆవల

ఇంగ్లీషు బోధన స్వరూపాన్ని ఎక్కువగా మార్చినవి విదేశీ పరీక్షలు. బ్రిటన్ జాతీయ ఆరోగ్యసేవలో భారతీయ వైద్యులు పెద్దసంఖ్యలో చేరిన తరువాత, 1975లో అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ విదేశీ వైద్యులకు వైద్యజ్ఞానంతోపాటు ఇంగ్లీషులోనూ పరీక్ష పెట్టసాగింది. ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివిన భారతీయ వైద్యుడు తన ఇంగ్లీషును మళ్ళీ ఋజువు చేసుకొనవలసి రావడం చాలామందికి అవమానంగా తోచడంలో వింతలేదు. అందులో అన్యాయమూ లేకపోలేదు. అయినా గ్రంథం చదువగల ఇంగ్లీషుకూ, ఒక గ్రామీణ బ్రిటిష్ వృద్ధురాలి మాట గ్రహించగల ఇంగ్లీషుకూ గల అంతరాన్ని అది బయటపెట్టింది.

1980ల చివర ఆస్ట్రేలియాలో టిమ్ మెక్‌నమారా తదితరులు రూపొందించిన ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్ ఈ అంతరాన్నే ఆధారం చేసుకొన్నది. అందులో అభ్యర్థి వ్యాసం వ్రాయడు. రోగిని మరొక వైద్యునికి అప్పగిస్తూ ఉత్తరం వ్రాస్తాడు. ఉపన్యాసమివ్వడు, రోగి పాత్ర ధరించిన వ్యక్తితో సంభాషిస్తాడు. 2018 నుండి ఆ సంభాషణలో వ్యాకరణం, ఉచ్చారణలతోపాటు రోగితో సాన్నిహిత్యం, రోగి దృక్పథాన్ని గ్రహించడం, వివరాలు రాబట్టడం, అర్థమయ్యేటట్లు చెప్పడం కూడ లెక్కకు వస్తున్నవి. బ్రిటిష్ నర్సింగ్ మండలి 2017లోను, జనరల్ మెడికల్ కౌన్సిల్ 2018లోను ఈ పరీక్షను ఆమోదించాయి.

మంచం ప్రక్కన భాష

తెలుగు మాతృభాషగా గలవారికి ఇంగ్లీషు నేర్పేటప్పుడు కొన్ని చిక్కులు ప్రత్యేకంగా ఎదురవుతాయి. ‘మందు వేసుకోలేదా?’ అని తెలుగులో అడిగితే, వేసుకోని రోగి ‘ఆఁ, వేసుకోలేదు’ అంటాడు. ప్రశ్నలోని మాటను అంగీకరించడం మన రీతి. ఇంగ్లీషులో అదే సందర్భంలో ‘నో’ అనాలి. తెలుగు అలవాటుతో ‘యెస్’ అని ఊరుకొంటే వినేవారు మందు పడిందని భావిస్తారు. రెండవ మోతాదు అక్కడే తప్పుతుంది. అందుచేత ‘వేసుకొన్నారా, ఎప్పుడు వేసుకొన్నారు?’ అని వ్యతిరేకార్థం లేకుండా అడగటం అనుభవజ్ఞులైన బోధకులు మొదట నేర్పుతారు.

సంఖ్యలలో ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ చెవికి దగ్గరగా ఉంటాయి. పదిహేను మిల్లీగ్రాములు యాభైగా మారితే ఫలితమేమో వేరే చెప్పనక్కరలేదు. కనుక ‘వన్ ఫైవ్’, ‘ఫైవ్ జీరో’ అని అంకెలు విడదీసి పలకడం, విన్న ఆదేశాన్ని తిరిగి వినిపించడం అలవాటు చేయిస్తారు. ఒక నర్సు విధి దిగి మరొకరికి రోగిని అప్పగించేటప్పుడు ప్రస్తుత పరిస్థితి, పూర్వాపరాలు, తన అంచనా, చేయవలసినది అనే నాలుగు మెట్ల క్రమం ఉన్నది. ఎస్‌బార్ అని పేరొందిన ఈ పద్ధతి అమెరికా నౌకాదళం నుండి ఆసుపత్రులకు వచ్చింది. భాష తడబడేవారికి ఇది ఊతకర్ర వంటిది. ఏమి చెప్పాలో ముందే క్రమం ఉంటే, ఎలా చెప్పాలో వెదుక్కొనే భారం తగ్గుతుంది.

బాధను తెలిపే పదాల విషయంలో తెలుగు సంపన్నమైన భాష. పోటు, సలుపు, తీపు, మంట, పీకు, గుంజు: ప్రతిదీ ఒక్కొక్క విధమైన నొప్పి. కెనడా శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని కొలిచేందుకు 78 ఇంగ్లీషు పదాలను 20 వర్గాలుగా కూర్చారు. తెలుగు నర్సు ‘పోటు’కు, ‘సలుపు’కు సరియైన ఇంగ్లీషు మాట నేర్చుకోకపోతే రెండూ ‘పెయిన్’ అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. రోగనిర్ణయానికి పనికివచ్చే భేదం చెరిగిపోతుంది. మర్యాద సంగతీ అంతే. తెలుగులో ‘అండీ’ అనే చిన్న మాట, క్రియాపదం చివర బహువచనం గౌరవాన్ని మోస్తాయి. ఇంగ్లీషులో ఆ బరువును ‘ప్లీజ్’, ‘కుడ్ యూ’ వంటి మాటలు మోయాలి. అవి లేనప్పుడు వినయశీలి అయిన నర్సు కూడ ఆజ్ఞాపిస్తున్నట్లు వినిపిస్తుంది.

చరిత్ర తెలిపేది

1835లో దేశభాషలను తొలగించి ఇంగ్లీషును నిలిపినవారు గ్రంథాన్ని చూశారు. ఉస్మానియాలో ఉర్దూను నిలిపినవారు విద్యార్థిని చూశారు. నేడు హిందీ గ్రంథాలు తెస్తున్నవారూ విద్యార్థినే చూస్తున్నారు. మధ్యప్రదేశ్ గ్రంథాలలో ఇంగ్లీషు సాంకేతిక పదాలనే దేవనాగరి లిపిలో ఉంచడం, ఉస్మానియా అనువాదకులు కొత్త పదాలను కల్పించడం అనేవి ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు. రెండింటిలోనూ సత్యం కలదు. మాతృభాషలో విషయం సులభంగా మనసుకెక్కుతుంది. ఇంగ్లీషు సహచరులతోను, ప్రపంచంతోను కలుపుతుంది.

అయితే బోధనా మాధ్యమం ఏదైనప్పటికీ రోగితో మాట్లాడే విద్య దానంతటదే అలవడదు. ఇంగ్లీషును గ్రంథపఠనంగా కాక పరిచర్యలో ఒక భాగంగా నేర్పినపుడు, ఆ శిక్షణ తెలుగులోనూ, హిందీలోనూ అక్కరకు వస్తుంది. ఓపికగా వినడం, ఒక్కొక్క ప్రశ్నే అడగడం, అర్థమైనదీ లేనిదీ రోగి చేతనే చెప్పించడం ఏ ఒక్క భాషకూ చెందిన గుణాలు కావు. వైద్యశాలలో భాషకు చివరి పరీక్షకుడు రోగియే. మూడు భాషలలో ఏది బలహీనపడినా ఆ మూల్యం చెల్లించవలసినవాడు అతడే కనుక, వైద్యవిద్యా ప్రణాళికలు రచించేవారు అతని మాటకు మొదటి పీట వేయడం సముచితం.