దుబాయి కాగితములు, దొంగ కాపీలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల బజారులలో తహసీలు కచేరి ఎదుటనో, బస్టాండు మూలనో, బ్యాంకు మెట్లకు చేరువనో ఒక చిన్న దుకాణము తప్పక కానవచ్చును. జిరాక్స్, డిటిపి, పాస్‌పోర్టు ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు అని దాని బోర్డుమీద వ్రాసియుండును. ఈ ప్రాంత చరిత్ర వ్రాయబూనువారు జగిత్యాల నక్షత్రాకారపు కోటను వర్ణింతురు. 1978 సెప్టెంబరు 7న జరిగిన రైతుకూలీల జైత్రయాత్రను తలంతురు. మానేటి ఒడ్డున సిరిసిల్ల మరమగ్గముల కష్టనష్టములను వివరింతురు. కాని యీ దుకాణమును గూర్చి ఒక్క వాక్యమైనను వ్రాసినవారు అరుదు. అయినను ఇచ్చటి సామాన్యుని పుట్టిన తేదీ, తండ్రిపేరు, పాస్‌పోర్టు సంఖ్య, ఆధార్, బ్యాంకు ఖాతా, బీడీలు చుట్టు స్త్రీయొక్క పి.ఎఫ్. నెంబరు, ఆమె వ్రేలిముద్ర, ఇవి యన్నియు ఒక్కచోట చేరిన స్థలమేదన్న, అది యీ దుకాణములోని కంప్యూటరే. ఆ కంప్యూటరును నడపు సాఫ్ట్‌వేరు చిరకాలము దొంగ కాపీయే యగుటయు, దాని భారమును ఆ దుకాణపు గడప తొక్కిన పేదవారు మోయుటయు ఎట్లు జరిగెనో చెప్పదలచితిని.

కంప్యూటరు రాకమునుపు కాగితపు పని చేసి పెట్టువాడు అర్జీలు వ్రాయువాడు, దస్తావేజులు వ్రాయువాడు. కచేరి చెట్టుక్రింద కూర్చుండి, వచ్చినవాని గోడు విని, దానిని అధికారులకు నచ్చు భాషలోనికి మార్చి వ్రాసి, చివర తన పేరుకూడ వ్రాసెడివాడు. ఆ సంతకమునందొక కట్టుబాటు కలదు: పత్రములో తప్పు దొరలిన, లేక దానివలన వ్యాజ్యము పుట్టిన, వ్రాసినవానిని కోర్టు పిలిచెడిది. వ్రాసిన కాగితము మాత్రము యజమానితోడనే వెడలిపోయెడిది. వ్రాసినవానికి మిగిలినది జ్ఞాపకమొక్కటే. టైపుమిషను వచ్చిన పిమ్మటకూడ ఈ పద్ధతి పెద్దగా మారలేదు.

మార్పునకు మూలము ఎడారి దేశములలో కలదు. 1973లో చమురు ధర పెరిగిన తరువాత గల్ఫ్ దేశములలో కట్టడములు పెచ్చు పెరిగెను. వానికి కూలీలు కావలసివచ్చిరి. నీటి వసతి కొరవడిన మెట్టపొలముల రైతులు, మగ్గము సాగని నేతగాండ్రు, అప్పులపాలైన చిన్న వ్యాపారులు ఈ ప్రాంతమునుండి వేలకొలది దుబాయి, మస్కట్, సౌదీలకు పయనమైరి. 1983లో వలసల చట్టము వచ్చెను; చదువు తక్కువైన కూలీల విదేశప్రయాణమునకు ప్రత్యేకపు అనుమతి కావలెనని నియమము పుట్టెను. కంపెనీ వీసా, ఆజాద్ వీసా అను మాటలు చదువురాని ముసలమ్మకుసైతము కంఠస్థములైనవి. ఇంతకుమున్ను భూమి అమ్మునపుడో కొనునపుడో తప్ప కాగితముతో పనిలేని కుటుంబమునకు ఇపుడు ప్రతియేడు ఏదో యొక పత్రము, దానికి నకలు, ఆ నకలునకు మరియొక నకలు అవసరమయ్యెను. ఆ అవసరమును తీర్చుటకే జిరాక్స్ దుకాణము వెలసెను. దానికి ప్రక్కనే తెల్లని వెనుకతెరతో ఫోటో దిగు స్టూడియో వెలసెను.

కంప్యూటరు ఈ పట్టణములకు వచ్చినది 1990ల చివరనుండి. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగములు కొని, బిగించి, బస్సుపైన వేసికొని తెచ్చెడివారు. ఇనుప పెట్టెకు, గాజు తెరకు, మీటల పలకకు డబ్బు చెల్లించుట అందరికి సహజముగా తోచెను. లోపల నడచు విండోస్‌కు వేరుగ మూల్యము కలదన్న సంగతి మాత్రము వినినవాడు లేడు, వినినను నమ్మినవాడు లేడు. మెకానిక్ తన సంచిలోని సీడీ తీసి, దానిమీద మార్కరుతో వ్రాసిన ఇరువదియైదు అక్షరముల కీ టైపుచేసి, గంటలో యంత్రమును సిద్ధపరచెడివాడు. తరువాత పేజ్‌మేకర్ 7.0, ఫోటోషాప్ 7.0, తెలుగు అక్షరములకు ‘అను’ పేరిటి ఫాంట్లు, ఇవన్నియు అదే సంచినుండి వచ్చెడివి. పేజ్‌మేకర్ 7.0 వెలువడినది 2001లో, ఫోటోషాప్ 7.0 వెలువడినది 2002లో. పెండ్లిపత్రికలును, సంఘముల కరపత్రములును, దుబాయి పోవువాని తెల్లవెనుకతెర ఫోటోలును ఎన్నో యేండ్లు ఆ రెండింటిమీదనే తయారయ్యెను.

ఈ దుకాణదారులను దొంగలని పిలుచుటకు నా మనస్సు ఒప్పదు. అప్పుచేసి యంత్రము కొని, కాపీకి రూపాయి చొప్పున సంపాదించు యువకునకు అసలు విండోస్ ధర నెలల సంపాదన. ఫోటోషాప్ ధర ఊహకందనిది. ఆ ధరలు ఈ పట్టణములను తలచి నిర్ణయించినవి కావు. పైగా చట్టము కాగితముమీద ఉన్నదేగాని బజారులోనికి దిగలేదు. మన గ్రంథస్వామ్య చట్టము 1957 నాటిది. 1984లో కంప్యూటరు ప్రోగ్రాములను దానిలో చేర్చిరి. 1994లో చేసిన సవరణచే, దొంగ కాపీ యని తెలిసియు వాడినవానికి ఏడు దినములు మొదలు మూడేండ్లవరకు శిక్షయు, యాభైవేలు మొదలు రెండు లక్షలవరకు జరిమానాయు ఏర్పడెను. కాపీని గూర్చిన తగవు కంప్యూటరంత పాతది. 1976లో బిల్ గేట్స్ తన బేసిక్ ప్రోగ్రామును ఉచితముగా పంచుకొనుచున్న ఔత్సాహికులకు బహిరంగలేఖ వ్రాసి, మీలో అత్యధికులు దొంగిలించుచున్నారని నిందించెను. 1986లో లాహోరు నగరమున కంప్యూటరు దుకాణము నడపు ఇద్దరు సోదరులు తమ వైద్య సాఫ్ట్‌వేరును కాపీచేయువారిని పట్టుకొనుటకని ఫ్లాపీలలో ఒక చిన్న ప్రోగ్రామును దాచిరి. బ్రెయిన్ అను పేర అదియే పీసీలమీద లోకమంతట వ్యాపించిన తొలి వైరసయ్యెను. అంటువ్యాధికి, దొంగ కాపీకి నడుమ ఆనాడు కుదిరిన చుట్టరికము ఇంతవరకు తెగలేదు.

ఆ చుట్టరికమెట్టిదో కొంచెము నిలిచి చూడవలసియున్నది, ఏలయన అపాయమంతయు అచ్చటనే కలదు. సాఫ్ట్‌వేరు ఒకసారి కొని ముగించు వస్తువు కాదు. అందులో లోపములు నిరంతరము బయటపడుచుండును. తయారుచేసినవాడు వానిని సవరించి అప్‌డేట్లుగా పంపుచుండును. దొంగ కాపీ వాడువానికి ఆ దారి భయస్థానమయ్యెను. 2005 నుండి మైక్రోసాఫ్ట్ తన విండోస్ కాపీలు అసలువో కావో పరీక్షింపసాగెను. 2008లో దొంగ విండోస్ ఎక్స్‌పీ నడచు యంత్రముల తెర నేపథ్యము గంటకొకసారి నల్లబడునట్లు చేసెను. అత్యవసరమైన సవరణలను దొంగ కాపీలకుసైతము కంపెనీ పూర్తిగా నిరాకరింపలేదు. కాని తెర నల్లబడిన భయముతో మెకానిక్ చేసిన మొదటి పని అప్‌డేట్‌ను శాశ్వతముగా ఆపివేయుటయే. అంతటితో ఆ యంత్రమునకు వైద్యుని రాక నిలిచిపోయెను. ఇక సాఫ్ట్‌వేరు తాళమును తప్పించు క్రాక్ అను ఫైలు సంగతి మరింత ఘోరము. దానిని నడపుటకు ముందు యాంటీవైరస్‌ను ఆపుమని దానితో వచ్చు సూచనలలోనే యుండును. కావలివానిని పంపివేసి, పేరు తెలియనివానికి యంత్రముమీద సర్వాధికారము నిచ్చినట్లాయెను. ఫోటోషాప్ తెరచుకొనును, పని సాగును, దుకాణదారునకు ఏ కొరతయు కనబడదు. కాని ఆ ఫైలుతో లోపలికి వచ్చినది బ్రౌజరులో దాచుకొన్న పాస్‌వర్డులను, డెస్క్‌టాపుమీది స్కాన్‌లను నిశ్శబ్దముగ ఎవరికో పంపుచుండవచ్చును. 2018 నుండి స్టాప్ అనియు డీజేవూ అనియు పిలువబడు రాన్సమ్‌వేరు ముఖ్యముగ క్రాకుల ద్వారముననే ప్రపంచమంతట ఇండ్లలోని కంప్యూటరులకు వ్యాపించి, ఫైళ్లకు తాళము వేసి, డబ్బు కోరసాగెను. విండోస్‌ను ఉచితముగ యాక్టివేట్ చేయునని పేరొందిన కేఎంఎస్‌పికో పేర, సమాచారము దొంగిలించు ప్రోగ్రాములను పంచుచున్న సంగతియు 2021లో బయటపడెను.

పెండ్లిపత్రికలు అచ్చువేయునంతకాలము ఇది దుకాణదారుని కష్టము మాత్రమే. వైరసు పట్టిన యంత్రమును ఫార్మాట్ చేయించుకొని మరల పని మొదలిడెడివాడు. 2010 తరువాత స్థితి మారెను. ఆధార్ వచ్చెను, 2011లో మీసేవ వచ్చెను, పాస్‌పోర్టు దరఖాస్తు ఆన్‌లైన్ అయ్యెను, ప్రత్యేక తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట బీడీ కార్మికుల పింఛను, నేతన్నల పథకములు, పాసుపుస్తకముల వ్యవహారము, సర్వమును కంప్యూటరులోనికి ఎక్కెను. అధికారికమైన కేంద్రములకు లైసెన్సు, నియమములు కలవు. కాని ఫారము నింపుటకు, ఫోటోను కోరిన కొలతకు తగ్గించుటకు, సర్టిఫికెట్టు స్కాన్ చేయుటకు జనులు పోవునది పాత దుకాణమునకే. గల్ఫ్‌నుండి ఏజెంటు పంపిన వీసా కాగితము అచ్చు వేయించుకొనుటకు పెన్‌డ్రైవుతోనో, దుకాణపు ఫోనునకు వాట్సాప్‌లో పంపియో వత్తురు. పని ముగిసి పది రూపాయలిచ్చి వెడలిపోవుదురు. స్కాన్ మాత్రము డౌన్‌లోడ్స్ ఫోల్డరులో నిలిచిపోవును. అర్జీ వ్రాసినవాని జ్ఞాపకము మరుగుపడెడిది, అతనితోనే పోయెడిది. ఈ యంత్రపు జ్ఞాపకము అట్టిది కాదు.

సవరణలు అందని యంత్రములకు ఏమగునో 2017 మే 12న లోకము చూచినది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ విడుదల చేసియున్నను, దానిని వేసికొనని కంప్యూటరులపై వాన్నాక్రై అను రాన్సమ్‌వేరు విరుచుకుపడెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పిపంపెను. ఆంధ్రప్రదేశమున చిత్తూరు, కృష్ణ, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలో పోలీసుల కంప్యూటరులు కొన్ని దానిపాలయ్యెను. విండోస్ ఎక్స్‌పీకి సాధారణ సవరణలు 2014 ఏప్రిల్ 8తోనే ముగిసినవి. అప్పటికిని పేజ్‌మేకర్, ‘అను’ ఫాంట్లు దానిమీద చక్కగ నడచునను కారణమున డిటిపి గదులలో ఎక్స్‌పీ కదలలేదు.

2018 సెప్టెంబరులో హఫ్‌పోస్ట్ ఇండియా ఒక దీర్ఘమైన పరిశోధనను ప్రకటించెను. ఆధార్ నమోదునకు ఆపరేటర్లు వాడు అసలు సాఫ్ట్‌వేరునే మార్చి, ఆపరేటరు వ్రేలిముద్ర అవసరము లేకుండునట్లును, ఏ స్థలమునుండి నమోదు జరుగుచున్నదో తెలియకుండునట్లును చేయు ప్యాచ్ సుమారు 2,500 రూపాయలకు దొరకుచున్నదని దాని సారాంశము. ఆధార్ ప్రాధికార సంస్థ ఆ కథనమును ఖండించెను. ఆ యేడే జూనులో మన సరిహద్దుననే, పెద్దపల్లి జిల్లా ధర్మారమున, సిమ్ కార్డులు అమ్ము ఒకడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటునుండి దస్తావేజులు దింపుకొని, వానిమీది వ్రేలిముద్రలకు అచ్చులు పోసి, ఆ పేర్లమీద వేలకొలది సిమ్ కార్డులు క్రియాశీలము చేసినట్లు పోలీసులు తేల్చిరి. దానికి దొంగ సాఫ్ట్‌వేరు కారణము కాదు. కాని స్కాన్ చేసిన వ్రేలిముద్ర పరుని చేత పడిన ఏమగునో అది ప్రత్యక్షముగ చూపినది; పాస్‌వర్డు పోయిన మార్చుకొనవచ్చును, బీడీలు చుట్టి అరిగిన వ్రేలిని మార్చుకొనుటెట్లు?

2022 మే 27న ఆధార్ సంస్థ బెంగుళూరు కార్యాలయము, ఇంటర్నెట్ కేఫులలోని కంప్యూటరులలో ఈ-ఆధార్ దింపుకొనవద్దనియు, ఒకవేళ దింపుకొనినచో ఆ ప్రతులను శాశ్వతముగ తొలగింపుమనియు ప్రకటించెను. ప్రజలు అపార్థము చేసికొందురని కేంద్రము రెండు దినములలోనే దానిని ఉపసంహరించుకొనెను. నా అభిప్రాయమున ఆ సలహా సరియైనది; దానిని తెలుగున వ్రాయించి ప్రతి జిరాక్స్ దుకాణపు గోడమీద అంటింపవలసియుండెను. వ్యక్తిగత సమాచారపు రక్షణకు 2023లో చట్టమును, 2025 నవంబరులో దాని నియమములును వచ్చినవి. జరిమానా 250 కోట్లవరకు ఉండవచ్చునట. కోరుట్ల బస్టాండు ఎదుట పది రూపాయలకు స్కాన్ చేయువానిని ఆ అంకె భయపెట్టునేగాని, అసలు సాఫ్ట్‌వేరును అతని చేతికి అందింపదు.

అందింపగలిగిన మార్గము మరియొకటి కలదు. హైదరాబాదు కేంద్రముగ స్వేచ్ఛ అను సంస్థ 2005 ప్రాంతమునుండి స్వతంత్ర సాఫ్ట్‌వేరును తెలుగులో ప్రచారము చేయుచున్నది. లినక్స్, లిబ్రేఆఫీస్, గింప్ మొదలగు అట్టి సాఫ్ట్‌వేరులకు మూల్యము లేదు, తాళము లేదు, క్రాకుతో పని లేదు. సవరణలు అందరికిని సమానముగ వచ్చును. యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితముగ దొరకును. పాస్‌పోర్టు ఫోటో వెనుకతెర తెల్లగ మార్చుటకు ఫోటోషాపే కావలెనన్న నియమము లేదు. నేర్పువాడు లేకపోవుటయే ఇచ్చటి లోటు: ఈ పట్టణములలో కంప్యూటరు విద్య మొదటినుండి మెకానిక్ సంచిలోని సీడీతోనే ఆరంభమైనది. పాలిటెక్నిక్ విద్యార్థులను ఒక్కొక్క దుకాణమునకు వారము దినములు పంపి ఆ పని నేర్పించిన, జిల్లా యంత్రాంగమునకు కలుగు ఖర్చు స్వల్పము.

తొందర పడుటకు కారణము లేకపోలేదు. నేడు ఆ దుకాణములలో కనబడు యంత్రములలో పెక్కింటిపై నడచునది విండోస్ 10. దానికి ఉచిత సవరణలు సాధారణముగ 2025 అక్టోబరు 14తో ముగిసినవి. ఆ పాత యంత్రములలో అనేకము విండోస్ 11ను మోయజాలవు. ఎక్స్‌పీ నాటివలె మరల పదేండ్లు అట్లే సాగనిత్తురో, లేక ఈమారైనను మేల్కొందురో దుకాణదారులతోపాటు కలెక్టరు కచేరియు నిర్ణయింపవలసియున్నది.