మహానది ఇసుక తిన్నెలపై ఘరియాలు

బస్తరులోని ఆవపల్లి ప్రాంతమున కురిసిన వాన తాలిపేరు మొదలైన ఏరులగుండా దక్షిణమునకు ప్రవహించి గోదావరిలో కలియును. ఆ బస్తరునకే ఉత్తరమున, సిహావా కొండలలో, మహానది జన్మించి ఒరిస్సా మీదుగా సముద్రమును చేరును. ఈ రెండు నదుల నడుమనున్న మిట్ట ఒక ప్రాణికి సరిహద్దు వంటిది. గోదావరిలో మగ్గర్ జాతి మొసలి కలదు, ఘరియాలు లేదు. సింధు, గంగా, బ్రహ్మపుత్రలలో ఒకనాడు విస్తరించియున్న ఘరియాలునకు మహానదియే దక్షిణపు తుద.

తెలుగువారు ఎరుగని జంతువు గనుక మనకు మొసలి యన్న ఒక్క మాటయే చాలినది. ఉత్తరాదివారికి చాలలేదు. వయసు వచ్చిన మగ ఘరియాలు మూతి కొనపై చిన్న కడవ వంటి బుడిపె పెరుగును. హిందీలో ‘ఘడా’ యనగా కడవ. ఆ సన్నని, పొడవైన మూతి చేపలు పట్టుటకే యేర్పడినది. మనుష్యునికి హాని చేయని ఈ జీవిని మనుష్యుడు చర్మమునకై వేటాడెను, గ్రుడ్లను త్రవ్వి తీసికొనెను, నదికి అడ్డముగా ఆనకట్టలు కట్టెను. వలలో చిక్కినది ఊపిరాడక మరణించును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించెను. 1975లో ఐక్యరాజ్యసమితి నిపుణుడు బస్టర్డు సలహాతో మొసళ్ల పరిరక్షణ పథకము మొదలై, మహానది యొడ్డున టికర్‌పడాలో ఘరియాలు పిల్లల పెంపకము సాగెను. నందన్‌కానన్‌లో ఆడవానికి జోడు కొరవడగా జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు జంతుశాలనుండి ఒక మగదానిని తెప్పించిరి. 1980లో అచ్చట పిల్లలు పుట్టినవి. భారతదేశపు నదీజీవి వంశము నిలుపుటకు జర్మనీనుండి వరుడు రావలసి వచ్చెను! అదే యేట హైదరాబాదులో వెలసిన కేంద్ర శిక్షణ సంస్థలో మొసళ్ల పెంపకము నేర్పిరి.

పెంచుట సాధ్యమైనది, నదిలో బ్రతికించుట వేరు. మహానదిలో వందలకొలది పిల్లలను విడిచినను మిగిలినవి బహు కొద్ది. విడిచిన పిల్లల లెక్కను విజయముగా చెప్పుకొనుట తొందరపాటు. నదిలో పెరిగినది తిరిగి ఇసుకలో గ్రుడ్లు పెట్టినప్పుడే ఆ లెక్క సరిపడును. చంబల్ లోయలో అది జరిగినది. అచ్చట జనము తక్కువ, ఇసుక తిన్నెలు విస్తారము. అయినను 2007 చివరనుండి 2008 ఆరంభమువరకు ఆ నదిలోనే నూటికి పైగా ఘరియాళ్లు మూత్రపిండములు చెడి మరణించినవి. 2007లోనే ఈ జాతిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న వాని పట్టికలో చేర్చిరి.

మహానదిలో సత్‌కోసియా లోయయొద్ద నలుబది యేండ్లకు పైగా గూడు కనబడలేదు. 2021 వేసవిలో ఒక తల్లి ఇసుకను త్రవ్వి గ్రుడ్లు పెట్టగా ఇరువది యెనిమిది పిల్లలు వెలువడినవి. వానిని ఎవరును పెట్టెలో పొదిగింపలేదు. అవి మూరెడు పొడవైనను లేవు. కొన్ని వారములకే మహానదికి వానకాలపు వరద వచ్చును.