అన్‌లిమిటెడ్ అనే మాట వెనక కథ



ఈ వారం ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ఆ మాట "అన్‌లిమిటెడ్". మనలో చాలామందిమి ఈ మాట మొదట నేర్చుకున్నది మెస్సుల్లో. బోర్డు మీద "ఫుల్ మీల్స్, అన్‌లిమిటెడ్" అని రాసి ఉంటుంది. మొదటి వడ్డనకి మనిషి పరిగెత్తుకొస్తాడు. రెండోసారి పప్పు అడిగితే కాస్త ఆగి వస్తాడు. మూడోసారి పిలిస్తే ఆయనకి మన మాట వినపడదు. అన్నం లేదని ఎవరూ అనరు, లోపల గంగాళం నిండా ఉంటుంది కూడా. వడ్డన మాత్రమే నెమ్మదిస్తుంది.

సెల్‌ఫోను కంపెనీలు అన్‌లిమిటెడ్ డేటా అని అమ్మి, కొంత వాడగానే వేగం తగ్గించేయడం అచ్చంగా ఇదే. మా వృత్తిలో దీన్ని థ్రాట్లింగ్ అంటాం. సింగపూరులో ఈ వ్యవహారం ఎలా మొదలై ఎలా మలుపులు తిరిగిందో చెబుతాను. నేను ఇక్కడ ఐటీ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. పగలంతా నెట్‌వర్కుల గొడవే కాబట్టి మధ్యలో కాస్త సాంకేతికం దొర్లితే ఓపిక పట్టండి.

సింగపూరులో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1994లో, సింగ్‌నెట్‌తో. అప్పుడు వాడిన సమయాన్ని బట్టి డబ్బు. గడియారం చూసుకుంటూ మెయిలు చదువుకునే రోజులవి. సెల్‌ఫోన్ల విషయానికొస్తే, 1997 దాకా సింగ్‌టెల్ ఒక్కటే. ఆ ఏడు ఏప్రిల్‌లో ఎం-వన్, 2000 ఏప్రిల్‌లో స్టార్‌హబ్ రంగంలోకి దిగాయి. 2005లో 3జీ వచ్చింది. ఆ తరవాత కొన్నేళ్ళకు లాప్‌టాపుకి తగిలించుకునే డాంగిళ్ళు వచ్చాయి. మీలో కొందరి సొరుగుల్లో ఇప్పటికీ ఒకటి పడి ఉండొచ్చు.

ఆ డాంగిల్ ప్లానుల గురించి ఒక సంగతి గమనించాలి. వాటిని వేగాన్ని బట్టి అమ్మేవారు. 1 ఎంబీపీఎస్‌కి ఒక ధర, అంతకంటే ఎక్కువకి ఇంకో ధర. పరిమితి ఉంది, కానీ అది ధర పక్కనే కనిపించేది. ప్రభుత్వం 2006 డిసెంబరులో వైర్‌లెస్ ఎట్ ఎస్‌జీ పేరుతో ఊరంతా ఉచిత వై-ఫై పెట్టినప్పుడూ అంతే. 512 కేబీపీఎస్ ఇస్తామన్నారు, 2009లో దాన్ని 1 ఎంబీపీఎస్ చేశామన్నారు. తక్కువే, కానీ ఎంతో చెప్పి ఇచ్చారు. నా దృష్టిలో ఈ కథలో అందరికంటే మర్యాదగా నడిచిన ఘట్టం అదే.

2008 ఆగస్టులో సింగ్‌టెల్ ఐఫోన్ 3జీని తెచ్చింది. 2009 చివరికి మిగతా రెండు కంపెనీలూ తెచ్చాయి. ఫోను అంటే మాట్లాడుకునేది అన్న లెక్క పోయింది. అప్పట్లో స్మార్ట్‌ఫోను ప్లానులతో నెలకి 12 జీబీ డేటా ఇవ్వడం మామూలైంది. 12 జీబీ ఎవరు వాడతారు? ఆనాటి ఫోన్లకీ, ఆనాటి 3జీకీ అది దాదాపు అన్‌లిమిటెడే. ఇచ్చేవాళ్ళకీ ధైర్యం, పుచ్చుకునేవాళ్ళకీ తృప్తి.

2011లో ఎం-వన్ 4జీ మొదలుపెట్టింది, ఏడాది తిరిగేసరికి మూడూ అక్కడికి చేరాయి. వేగం పెరిగితే వాడకం పెరుగుతుంది. ఇది కంపెనీలకి తెలియక కాదు. 2012 జులైలో సింగ్‌టెల్ కొత్త ప్లానుల్లో 12 జీబీని తగ్గించి, చౌక ప్లానుల్లో 2, 3 జీబీలకు దించేసింది. ఆ ఏడాదిలోనే మిగతా రెండూ అదే దారి పట్టాయి. హద్దు దాటితే జీబీకి ఇంతని అదనపు రుసుము. అంటే సింగపూరు కంపెనీలు అప్పుడు ఎంచుకున్నది వేగం తగ్గించడం కాదు, బిల్లు పెంచడం. అదే సమయంలో అమెరికా కంపెనీలు ఇంకో మార్గం పట్టాయి. అక్కడికి వెళ్ళే ముందు ఈ వేగం తగ్గించడం లోపల ఎలా జరుగుతుందో చూద్దాం.

నేను గోదావరి డెల్టా వాణ్ణి, నాకు కాలువ పోలికే తోస్తుంది. ఒక టవరు ఇచ్చే మొత్తం వేగం కాలువలో నీళ్ళలాంటిది. ఆ క్షణాన దాని కింద ఉన్న ఫోన్లన్నీ పంచుకోవాలి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అందరూ ఒకేసారి తోడితే శివారు పొలానికి తడి అందదు. వంతులు వేయక తప్పదు, ఇందులో తప్పేమీ లేదు. థ్రాట్లింగ్ మాత్రం వేరే సంగతి. కంపెనీ మధ్య కేంద్రంలో ఒక సర్వరు ఉంటుంది, 4జీలో దాన్ని పీసీఆర్ఎఫ్ అంటారు. ప్రతి ఖాతాదారుకీ ఏ నియమం వర్తిస్తుందో దాని దగ్గర రాసి ఉంటుంది. లెక్కలు చూసే ఇంకో యంత్రం "ఈయన కోటా అయిపోయింది" అని కబురు పెట్టగానే ఇది గేట్‌వేకి కొత్త ఆజ్ఞ పంపుతుంది. అంతే, గేట్‌వే మీ తూముని సగానికో పదోవంతుకో దించేస్తుంది. మన కాలువ మీద లస్కరు చేసే పనే. తేడా ఏమిటంటే, లస్కరు కాలువలో నీరు ఎంతుందో చూసి షట్టరు దించుతాడు. ఈ యంత్రం కాలువ వైపు చూడదు, మీ ఖాతా వైపే చూస్తుంది. తెల్లవారుజామున 3 గంటలకు టవరు కింద మీరొక్కరే మేలుకొని ఉన్నా మీ తూము తెరుచుకోదు.

పైగా ఫోను మీద ఏమీ తెలియదు. గీతలు నిండుగా ఉంటాయి, 4జీ గుర్తు వెలుగుతూనే ఉంటుంది.

తగ్గిన వేగం అంటే ఎంత? మన దేశం ఉదాహరణే తీసుకుందాం. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైనప్పుడు రోజుకి 4 జీబీ దాకా పూర్తి వేగం, ఆపైన 128 కేబీపీఎస్. కొత్త సంవత్సరం నుంచి ఆ 4 జీబీ కాస్తా 1 జీబీ అయింది. 128 కేబీపీఎస్ అంటే సెకనుకి 16 కిలోబైట్లు. 5 ఎంబీల ఫొటో ఒకటి రావాలంటే 5 నిమిషాల పైమాటే. ఇంకో లెక్క చెబుతాను. ఆ వేగంతో నెల పొడుగునా, రాత్రింబవళ్ళు, ఒక్క క్షణం ఆపకుండా డౌన్‌లోడ్ చేస్తే వచ్చేది సుమారు 41 జీబీ. నీళ్ళ పంపుకి మీటరు లేదు గానీ గొట్టం పుల్లంత సన్నం. దీన్ని అన్‌లిమిటెడ్ అనడం భాషకి అన్యాయం.

అమెరికాలో గొడవ కోర్టుకెక్కింది. ఏటీ అండ్ టీ 2007లో ఐఫోనుతో అన్‌లిమిటెడ్ డేటా ఇచ్చింది, 2010లో కొత్తవాళ్ళకి ఆపేసింది. పాతవాళ్ళని వదలగొట్టుకోలేక 2011 నుంచి, ఎక్కువ వాడేవాళ్ళ వేగం తగ్గించడం మొదలుపెట్టింది. 2014లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేసింది. కమిషన్ ఆరోపణ ప్రకారం 35 లక్షల మందికి పైగా ఖాతాదారుల మీద ఈ ప్రయోగం జరిగింది, కొందరికి 2 జీబీ దాటగానే మొదలైంది, వేగం 80, 90 శాతం దాకా పడిపోయింది. చివరికి 2019 నవంబరులో 6 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తలకు పంచితే 17 డాలర్లు. ఐదేళ్ళ వ్యాజ్యానికి ఒక పూట భోజనం ఖర్చు.

2018 వేసవిలో కాలిఫోర్నియా అడవుల్లో మెండొసీనో మంటలు చెలరేగినప్పుడు ఇంకో ఘోరం జరిగింది. శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక దళం వాళ్ళ సమన్వయ వాహనానికి వెరైజన్ అన్‌లిమిటెడ్ ప్లాను ఉంది. మంటలు ఆర్పుతుండగానే హద్దు దాటిందని వేగం 200వ వంతుకి పడిపోయింది. ఫిర్యాదు చేస్తే ఖరీదైన ప్లానుకి మారమన్నారు. తరవాత వెరైజన్ తమ సిబ్బంది పొరపాటు జరిగిందని ఒప్పుకుంది. యంత్రం మీ ఖాతానే చూస్తుందని ఇందాక అన్నానే, ఇదీ దాని ఫలితం.

మళ్ళీ సింగపూరుకి వద్దాం. ఇక్కడి నియంత్రణ సంస్థ ఐడీఏ 2011 జూన్‌లో ఒక విధానం ప్రకటించింది. చట్టబద్ధమైన ఏ సైటునీ అడ్డుకోకూడదు. నెట్‌వర్కు నిర్వహణ కోసం వేగం సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ ఏం చేస్తున్నారో వినియోగదారులకి తెలియజేయాలి. అంటే థ్రాట్లింగుని నిషేధించలేదు, బయటపెట్టమంది. 2016లో ఐడీఏ స్థానంలో ఐఎండీఏ వచ్చింది. ఈ ఆలోచనతో నాకు పేచీ లేదు. నిజం చెప్పాలంటే, నెలాఖరున వందల డాలర్ల బిల్లు చూసి గుండె గుభేలుమనడం కంటే నెట్టు నెమ్మదించడమే నయం. అయితే ఎప్పుడు నెమ్మదిస్తుందో, ఎంత నెమ్మదిస్తుందో కొనేవాడికి ముందు తెలియాలి. "తెలియజేయాలి" అన్న ఆ ఒక్క క్రియ మీదే విధానమంతా నిలబడి ఉంది.

2016 మేలో సర్కిల్స్ లైఫ్ వచ్చాక పోటీ వేడెక్కింది. సొంత టవర్లు లేవు, ఎం-వన్ నెట్‌వర్కునే అద్దెకు తీసుకుంది. 2017లో 20 డాలర్లకు 20 జీబీ అంది. 2018 జులై చివర రాఫెల్స్ ప్లేస్‌లో ఒక యంత్రం పెట్టింది, 3 డాలర్లు వేస్తే 50 డాలర్ల నోటు వస్తుంది. రోజుకి 3 డాలర్ల అన్‌లిమిటెడ్ డేటా కోసం చేసిన ప్రచారం అది. జనం ఎగబడితే పోలీసులు వచ్చి ఆపించారు. ఈలోగా 2016 డిసెంబరులో 10 కోట్ల 50 లక్షల డాలర్లకు స్పెక్ట్రమ్ పాడుకున్న ఆస్ట్రేలియా కంపెనీ టీపీజీ, 2018 చివర ఉచిత ట్రయలు మొదలెట్టింది. అన్‌లిమిటెడ్ డేటా, అందులో రోజుకి 2 జీబీ పూర్తి వేగం. ఆ "అందులో" అన్న ముక్కతో మన మెస్సు బోర్డు సింగపూరు చేరింది. 2020 మార్చి నెలాఖరున 10 డాలర్లకు 50 జీబీ అని వ్యాపారం ఆరంభించిన ఆ కంపెనీ పేరు 2022 నుంచి సింబా.

సరే, కంపెనీలు కొట్టుకుంటే మనకి చవక, ఇందులో నష్టపోయిందెవరు అంటారా? ఇంట్లో ఫైబరు ఉన్న నాలాంటివాడికి ఫోను నెమ్మదించడం చికాకు, అంతే. ఫోను తప్ప వేరే కిటికీ లేనివాళ్ళ సంగతి వేరు.

2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల వలస కార్మికుల డార్మిటరీలు ఒక్కొక్కటిగా మూసేశారు. 3 లక్షలకు పైగా మనుషులు నెలల తరబడి గదుల్లోనే. మన తెలుగువాళ్ళూ వేలమంది. ప్రభుత్వమూ దాతలూ సిమ్ కార్డులు, వై-ఫై సమకూర్చారు, అది చెప్పుకోవాలి. అయినా అన్ని గదులకీ ఒకేలా అందలేదు. మేం కొందరం ఫోన్లలో మాట సాయం చేసేవాళ్ళం. శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు నాకు ఫోను చేసి, "అన్నా, నెట్టుందన్నా, గీతలు నిండా ఉన్నాయి. అమ్మ మొహం మాత్రం కదలట్లేదు" అన్నాడు. ఫోను పాడైందనుకున్నాడు. లోపల కూర్చొని కొత్త ఫోనుకి డబ్బు ఎలా అని లెక్కలేసుకుంటున్నాడు. నాలుగు ప్రశ్నలు అడిగితే తేలింది. అతని కార్డు రోజువారీ కోటాది. హాట్‌స్పాట్ పెట్టి గదిలో మరో ఇద్దరికి ఇస్తున్నాడు. పొద్దున పదింటికే కోటా హరీ. మిగతా రోజంతా తూము దించేసి ఉంది.

"ఆగిపోతే ఆగిపోయిందని చెప్పాలి గదన్నా" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. కార్డు కవరు ఫొటో పంపమంటే, ఆ తగ్గిన వేగంలోనే, అది నాకు చేరడానికి చాలాసేపు పట్టింది. షరతు ఉంది, ఇంగ్లీషులో, చీమ కాళ్ళంత అక్షరాల్లో. తెలియజేసినట్టే.

కోటా రాత్రి పన్నెండింటికి మళ్ళీ మొదలవుతుందని చెప్పాను. ఇక్కడ పన్నెండంటే ఇండియాలో తొమ్మిదిన్నర. ఆ తరవాత నుంచి వాళ్ళ గదిలో ముగ్గురూ మేలుకొని, పన్నెండు దాటాక ఇంటికి ఫోను చేసేవారట. అవతల అమ్మలు కూడా నిద్రాపుకుని కూర్చునేవారు.

సెరంగూన్ రోడ్డులో సిమ్ కార్డు కొనడానికి వెళ్ళేవాళ్ళకి నేను మూడు ప్రశ్నలు అడగమని చెబుతుంటాను. పూర్తి వేగం ఎన్ని జీబీల దాకా? ఆ తరవాత వేగం ఎంత? కోటా మళ్ళీ ఎన్నింటికి మొదలవుతుంది? మొదటిదానికి కౌంటరులో మనిషి టక్కున చెబుతాడు. మూడోదానికి కాస్త ఆలోచించి చెబుతాడు. రెండోది అడిగినప్పుడు మాత్రం, నేను చూసినంతలో, కవరు తిప్పి ఆయన కూడా వెతకడం మొదలుపెడతాడు.