సోమప్పగారి జయంతికి మా అత్తమ్మ అడిగిన మాట

మొన్న మా పాప బడి నుంచి వస్తూనే, పుస్తకాల సంచి కూడా దించకుండా, "అమ్మా, సోమప్పగారి జయంతికి ఐదు నిమిషాలు మాట్లాడాలంట. నువ్వే రాసియ్యి" అనింది. బి.ఏ. తెలుగు చదివినందుకు మా ఇంట్లో నాకు దొరికిన ఉద్యోగం ఇదొక్కటే. బడిలో ఉపన్యాసాలు, పెండ్లి పత్రికలు, అర్జీలు, అన్నీ నా పాలికే వస్తాయి. పొయ్యి మీద పప్పు పెట్టి, వంటింటి గట్టు మీదే కాగితం పరుచుకున్నా.

మాది గూడూరు. కర్నూలు నుంచి ఎమ్మిగనూరుకు పోయే బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మా వీధిలో తెల్లవారింది మొదలు మగ్గాల చప్పుడే. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా అత్తమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. వాళ్ళ నాయన సొసైటీ సభ్యుడు. అందుకే సోమప్పగారి పేరు మా ఇంట్లో కొత్తది కాదు.

పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు చేనేత కార్మికుల సహకార ఉత్పత్తి, విక్రయ సంఘాన్ని పెట్టినారు. మా దిక్కు వై.డబ్ల్యూ.సి.ఎస్. అంటేనే అందరికీ తెలుస్తుంది. ఎవరో పరిశ్రమ పెట్టినారంటే మనకు పొగగొట్టం, పెద్ద గేటు, సైరన్ గుర్తొస్తాయి. ఈయన పెట్టిన పరిశ్రమకు గోడలు మన ఇండ్ల గోడలే. ఇంటింటా ఉన్న గుంట మగ్గాలనే ఒక తాటి మీదికి తెచ్చినారు.

ఆ పని ఎందుకంత పెద్దదో తెలియాలంటే అంతకు ముందు ఎట్లుండేదో తెలియాల. నేతగాడి చేతిలో పనితనం ఉండేది గానీ నూలు కొనే డబ్బు ఉండేది కాదు. సావుకారు నూలిచ్చేవాడు, నేసిన బట్ట ఆయనే తీసుకునేవాడు, మజూరీ ఎంతో ఆయనే చెప్పేవాడు. పెండ్లికో, జబ్బుకో తీసుకున్న బదులు ఆ మజూరీలోంచే పోయేది. అప్పు తీరేదాకా ఇంకొకరికి నేయడానికి లేదు. పైగా మిల్లు బట్ట చవగ్గా దిగుతుండె. ఇక రాయలసీమ కరువు సంగతి మీకు నేను చెప్పాల్నా? ఊరికి పంట లేకుంటే బట్ట కొనేవాళ్ళుండరు. రైతు ఎండిన ఏడు నేతగాడూ ఎండేవాడు.

సహకార సంఘం ఈ ముడినే విప్పింది. సభ్యులంతా తలా కొంత వాటా డబ్బు వేసుకుంటారు. సంఘమే నూలు టోకుగా కొని ఇస్తుంది, బట్ట తీసుకుంటుంది, లెక్క ప్రకారం మజూరీ ఇస్తుంది, అమ్మే భారం తానే మోస్తుంది. మద్రాసులో 1935లోనే చేనేత సంఘాలకు పైన ఒక పెద్ద సంఘం ఏర్పడింది. అదే ఇప్పటి కో-ఆప్టెక్స్. ఆ గాలి మన దిక్కుకు వచ్చినప్పుడు అందుకున్నది సోమప్పగారు. స్వాతంత్ర్య ఉద్యమంలో నడిచిన మనిషి కాబట్టి, నేతగాడు తన కాళ్ళ మీద నిలబడడం కూడా స్వరాజ్యమే అనుకున్నారేమో అని నాకనిపిస్తుంది.

ఇంకో సంగతి. అప్పుడు ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలో లేదు. ఆదోని తాలూకాతో పాటు బళ్ళారి జిల్లాలో, మద్రాసు పాలన కింద ఉండేది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చినాయి. మరుసటేడే, అంటే పద్మ పురస్కారాలు మొదలైన 1954లోనే, సోమప్పగారికి ఆ గౌరవం దక్కింది. దుప్పట్లు, తువ్వాళ్ళు, కర్టెన్లు నేసే ఊరు పేరు ఢిల్లీ దాకా పోయింది. ఎమ్మిగనూరులో వీవర్స్ కాలనీ అన్న పేరు నేటికీ ఉంది.

ఇంతవరకు రాసి పాపతో చదివించినా. అత్తమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తా విన్నది. అంతా అయినాక, "బాగుందమ్మా. అయితే మా అమ్మ కండెలు చుట్టిందని ఎక్కడా రాయలేదే?" అనింది.

నా కలం ఆగిపోయింది.

"మా నాయన మగ్గం గుంటలో కూర్చునేది పొద్దు పొడిచినాక. మా అమ్మ అంతకు ముందే రాట్నం దగ్గర కూర్చునేది. నూలుకు గంజి పెట్టేది ఆమె, ఆసు పోసేది ఆమె. పడుగు తెగితే అతికేదీ ఆమెనే. నాడెలో కండె అయిపోతే మా నాయన కేకేసేవాడు. సంగటి కెలుకుతున్నా వదిలేసి పోయి ఇచ్చేది. సొసైటీలో మజూరీ రాసేది మటుకు మా నాయన పేరు మీదనే."

మగ్గం మీద కూర్చునేది ఒక్కరే. ఆ మగ్గం ఆగకుండా ఆడాలంటే ఇంట్లో ఇంకో ఇద్దరి చేతులు ఆడాల. ఆ చేతులకు విడిగా లెక్క లేదు. ఇది ఏ ఒక్క ఊరి తప్పో, ఏ ఒక్కరి తప్పో కాదు. లెక్కలు రాసే పద్ధతే అట్లుండేది.

ఇప్పుడు మారిందా అంటే, మా ఇంట్లో జరిగిందే చెప్తా. నేతన్నలకు 50 ఏళ్ళకే పింఛను ఇస్తారని కొన్నేళ్ళ కింద అత్తమ్మను ఒక ఆఫీసుకు తీసుకుపోయినా. అక్కడాయన "మగ్గం నేస్తావా?" అని అడిగినాడు. అత్తమ్మకు అబద్ధం రాదు. "లేదు నాయనా, కండెలు చుడతా, ఆసు పోస్తా" అనింది. ఆయన కాగితం మీద "ఇంటి పని" అని రాసుకున్నాడు. నలభై ఏళ్ళ పని రెండు మాటల్లో అయిపోయింది. నేను పక్కనే ఉన్నా. ఇంటి అర్జీలన్నీ రాసేదాన్ని, ఆ రోజు ఒక్క మాట అనలేకపోయినా. ఆ సంగతి ఇప్పటికీ నన్ను కుడుతుంటుంది.

2019-20లో జరిగిన చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మందికి పైగా చేనేత కార్మికులు తేలినారు. వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళే. నేసేవాళ్ళతో పాటు కండెలు చుట్టేవాళ్ళను, ఆసు పోసేవాళ్ళను కూడా కార్మికులుగానే లెక్కపెట్టినారు. ఇది చదివి వినిపిస్తే అత్తమ్మ, "అయితే నాది ఇంటి పని కాదన్నమాట" అని నవ్వింది.

దీంతో సోమప్పగారి గొప్ప ఏమీ తగ్గదు. వాళ్ళమ్మకు ఆ సంఘం ఏమిచ్చిందో అత్తమ్మనే అడిగినా. "మజూరీ ఎప్పుడొస్తుందో తెలిసేది. ఎప్పుడొస్తుందో తెలిస్తే ఆడది ఇల్లు నడుపుతుంది" అనింది. కొర్రలెన్ని, నూనె ఎంత, పిల్లల పలకకు ఎంత అని ముందే లెక్క వేసుకోగలగడం ఎంత ధైర్యమో నెలసరుకు రాసుకునే మనకు తెలీదా?

ఉపన్యాసం మళ్ళీ రాసినా. ఐదు నిమిషాలు దాటకూడదని ఆదోని, ఆలూరు, రాయదుర్గం సంగతి కొట్టేసి, ఆ జాగాలో అవ్వ మాటలు పెట్టినా. జయంతి రోజు పాప వేదిక ఎక్కి, చివర్లో నేను రాయనిది కూడా ఒకటి కలిపిందంట. "ఈ సంగతులు చెప్పింది మా అవ్వ. ఆమె చేనేత కార్మికురాలు" అని.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే అత్తమ్మ ఏమీ అనలేదు. అటక మీది రాట్నం దించమని మా ఆయనకు చెప్పి, కొంగుతో దుమ్ము తుడిచి, పాపను పక్కన కూర్చోబెట్టుకుంది. మీ ఇంట్లోనూ ఇట్లాంటి చేతులు ఉండే ఉంటాయి. ఒకసారి అడిగి రాసి పెట్టుకోండి. ఆ పని పేరేమిటో వాళ్ళ నోటితోనే చెప్పించుకోండి.