చద్దిమూట నుండి టిఫిను డబ్బా వరకు

దారిలో గాని, చేనిలో గాని తినుటకై ఇంటి నుండి కట్టుకొని పోవు ఆహారమునకు మన భాషలో ఉన్నన్ని పేరులు విందుభోజనమునకు సైతము లేవేమో. అందరికిని తెలిసినది చద్ది. చల్ది యనునది దాని పాతరూపము; తెలంగాణపు నోటివాడుకలో అదియే సద్ది. సంస్కృతము చదివినవారు పాథేయ మందురు. బాటసారి దానిని దారిబత్తె మనును. నిజాము రాజ్యమున ఉర్దూ వ్యాపించియున్న కాలమున తోషా అను పారసీకపదము నగరపు ఇండ్లలో వినబడెడిది. తుదకు ఇంగ్లీషువారి వెంట టిఫిను వచ్చినది. ఈ మాటల వరుసను చూచినంతనే మన నేల మీదుగా ఎవరెవరు నడచిపోయిరో కొంత తెలియును.

చద్ది తినుటయే ఒక వేడుకగా వర్ణించిన ఘట్టము పోతన భాగవతమున దశమస్కంధములో గలదు. గోపబాలురు ఏటి ఒడ్డున కూర్చుండి చద్దిమూటలు విప్పుదురు. పళ్ళెములు లేవు, ఆకులు, పూలు, రాళ్ళు, చిక్కములే వారి పాత్రలు. కృష్ణుని ఎడమచేత మీగడతోడి ముద్ద, వ్రేళ్ళ సందులలో నంజుకొనుటకు వేరువేరు రుచులు. సంస్కృతమూలములో ‘ఫలములు’ అన్న చోట మన కవి ఊరుగాయలను నిలిపినాడు. అన్నము ఒకచోట, నంజుడు వేరొకచోట, ఒకటి రెండవదానితో కలియకుండ అమర్చుట నేటి గదులు గల స్టీలు డబ్బా చేయు పని. ఆ బాలునికి వ్రేళ్ళే గదులు!

ఇక మన చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతమునకు వత్తము. హైదరాబాదునకు పడమట, వికారాబాదు వైపు పోవు దారి పట్టున ఉన్న పల్లె లివి. 1908 సెప్టెంబరు మూసీ వరద నగరమును ముంచిన పిమ్మట, మూసీ మీద ఉస్మాన్‌సాగరము 1920 లోను, ఈసీ మీద హిమాయత్‌సాగరము 1927 లోను పూర్తియైనవి. ఆ జలాశయముల పరిసరములలో కట్టడములను అరికట్టుచు 1996 లో వెలువడిన 111 వ నంబరు ప్రభుత్వోత్తర్వు 84 గ్రామములకు వర్తించినది. నగరము ఇంత దగ్గరగా ఉండియు ఇచ్చట టమాట, క్యారటు, గోబి, ఆకుకూర, పూలతోటలు నిలిచియుండుటకు ఆ ఉత్తర్వు కొంత కారణము. తెల్లవారకముందే కూరగాయలతో నగరమునకు పోవువారికిని, పొద్దు పొడిచినంతనే చేనికి పోవువారికిని ఇంటి నుండి ఏదో ఒకటి కట్టియీయక తప్పదు.

ఆ కట్టునది వెనుకటి తరములలో వరియన్నము కాదు. మెట్టనేలలలో పండునది జొన్న. తినునదియు జొన్నరొట్టె, గట్క, అంబలి. రొట్టె ప్రయాణమునకు పుట్టిన తిండి. దానికి పాత్ర అక్కరలేదు. నాలుగు రొట్టెలు, ఒక ఉల్లిగడ్డ, ఇంత తొక్కు గుడ్డలో మూట కట్టిన చాలును. మధ్యాహ్నమునకు అది గట్టిపడును, నిజమే. చల్లలోనో పప్పులోనో నానవేసి తిందురు. చేతితో తట్టు ఆ రొట్టెకు అప్పడాలకర్రయైనను పనిలేదు. చివర మిగిలిన పిండితో అరచేయంత చిన్నరొట్టె తట్టి పిల్లవాని చేతిలో పెట్టుట తల్లుల వాడుక. ఏ అచ్చులును లేనినాడు పిల్లలకు చేసిన వేడుక అదియే.

పాత్ర పేరే వంటకమునకు పేరైన వింత ఈ సీమలో ఒకటి గలదు. సర్వ అనగా గుండ్రని అడుగు గల లోహపు గిన్నె. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, ఉల్లికాడలు కలిపి, నూనె రాచిన సర్వ లోపలి గోడలకు పలుచగా అద్ది, వ్రేలితో అక్కడక్కడ బొక్కలు పొడుతురు. ఆ బొక్కలలో పడిన నూనె చుక్కయే పిండిని కరకరలాడునట్లు చేయును. మూత పెట్టి సన్నని సెగమీద కాల్చినచో ఊడివచ్చునది సర్వపిండి. ఒక వాయి దిగినపిదప గిన్నె చల్లారువరకు రెండవది అద్దుటకు వీలులేదు. కనుక ఇంటిలో పిల్లలు నలుగురున్నచో వంతుకై కాచుకొనవలసినదే. నేడు పెనముమీద చేయువారున్నారు. త్వరగానే యగును గాని ఆ వంపు రాదు, ఆ అంచు రాదు.

సంక్రాంతికి చేయు సకినాల సంగతి ఇంకను విచిత్రము. రాత్రి నానవేసిన బియ్యమును తడిపిండి కొట్టి, వాము, నువ్వులు కలిపి, పరచిన గుడ్డమీద వ్రేళ్ళతో మెలిత్రిప్పుచు ఒకదాని చుట్టు ఒకటిగా వలయములు చుట్టుదురు. కొంత ఆరినపిదప నూనెలో వేయుదురు. మురుకులకు ఇత్తడి గొట్టము, దానికి చుక్కలు, చారలు గల బిళ్ళలు వచ్చినవి. గరిజెలకు మడిచి నొక్కు చెక్క అచ్చు వచ్చినది. గవ్వలకు గీతల పీట వచ్చినది. సకినమునకు మాత్రము ఆడువారి వ్రేళ్ళే పనిముట్టు. ఆ మెలికను యంత్రము సరిగా పట్టలేకపోయినది. అందువలననే సకినాలు చేయునాడు ఇరుగు పొరుగు స్త్రీలు చేయిసాయమునకు వత్తురు. నేడు మా యింట, రేపు మీ యింట. పండుగ గడచిన పిదప ఎన్నియో దినములు పిల్లల సంచులలో సద్దితోపాటు రెండు సకినాలు పోవుచుండును.

లోహపు డబ్బా వచ్చుట వేరొక కథ. పంతొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో మద్రాసు కళాశిల్ప పాఠశాలలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అల్యూమినియపు పాత్రలు చేయించెను. మన దేశమున ఆ పరిశ్రమకు ఇది తొలినాటి అడుగులలో ఒకటి. తేలికయు చౌకయు నగుటచే ఆ లోహము మెల్లగా సామాన్యుల వంటిండ్లలో చేరెను. ఒకదానిపై ఒకటి పేర్చిన గిన్నెలను కమ్మితో బిగించు టిఫిను క్యారియరు నగరోద్యోగులకు గుర్తువంటిదయ్యెను. బొంబాయిలో 1890 లో మహాదేవ్ హావాజీ బచ్చే ఆరంభించిన డబ్బావాలాల సేవ ఈ గిన్నెలనే నమ్ముకొని పెరిగినది.

వంటింటి యంత్రముల తేదీలను చూడగా అవి చాల ఇటీవలివని తోచును. కోయంబత్తూరులో విద్యుత్తుతో తిరుగు రుబ్బురోలు 1955 లో వెలసినది. ఆ సంవత్సరాంతముననే జపానులో తోషిబా వారు విద్యుత్తు అన్నపుకుండను అమ్మసాగిరి. ప్రెషరు కుక్కరు మూలము 1679 నాటి డెనిస్ పాపిన్ కనిపెట్టిన ఆవిరిపాత్రలో నున్నను, మన దేశపు పెద్ద కంపెనీలు రెండును దానిని చేయ మొదలిడినది 1959 ప్రాంతమున. మన మసాలాలను, నానిన పప్పును నలుగగొట్టగల సుమీత్ మిక్సీ 1963 నాటిది. అంతకు పూర్వము పిండి కావలెనన్న ఇసుర్రాయి ముందు కూర్చుండవలెను. పొడి కావలెనన్న రోకలి పట్టవలెను. ‘అమ్మమ్మల చేతివంట’ యని మురియువారు ఆ అమ్మమ్మల భుజముల నొప్పిని లెక్కలో వేయరు. నా మట్టుకు రోటిపచ్చడి రుచి మిక్సీకి రాదని ఒప్పుకొందును గాని, ఇసుర్రాయిని మరల తెండని ఏ యిల్లాలికిని చెప్పను.

యంత్రముల వలన తీరిక దొరకినది. బడి వలన డబ్బా తప్పనిసరియైనది. చేనిలో సద్దిమూటను అందరు నడుమ విప్పుదురు. ఒకరి తొక్కు ఒకరు రుచిచూతురు. బడిలో డబ్బా మూత వెనుక ఏమున్నదో పక్కవాడు తొంగిచూచును. తెల్లని అన్నము తెచ్చినవాని పక్కన జొన్నరొట్టె విప్పుటకు వెనుదీసిన పిల్లలు ఆనాటి బడులలో ఉండిరి. 1983 లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినపిదప రొట్టె స్థానమును అన్నము ఆక్రమించెను. ఆ చిత్రమేమనగా, ఐక్యరాజ్యసమితి 2023 ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. ఒకనాడు దాచుకొని తిన్న జొన్నరొట్టె నగరపు హోటళ్ళలో ధర పలుకుచున్నది.

ఈ బాధ మన బడులకే పరిమితము కాదు. జపానువారు ఇంటి నుండి తీసికొనిపోవు భోజనపుపెట్టెను బెంతో అందురు. నాటకశాలలలో అంకముల నడుమ తినుటకు అందముగా అమర్చిన బెంతోలు తొకుగావాల పాలనాకాలముననే యుండెను. 1885 లో ఉత్సునోమియా రైలుస్టేషనులో ఉప్పులో ఊరిన పుల్లని పండును పొదిగిన అన్నపుముద్దలను వెదురుపొరలో చుట్టి అమ్మిరని అచ్చటివారు చెప్పుకొందురు. మొదటి ప్రపంచయుద్ధము తరువాతి కాలమున వెండివలె మెరయు అల్యూమినియపు బెంతోపెట్టె సంపన్నుల బిడ్డలకు గర్వకారణమైనది. పంటలు చెడిన ఈశాన్యప్రాంతపు పిల్లల పెట్టెలో ఏమియు లేదు. పిల్లవాని బీదతనమును అందరికిని చాటు ఈ పెట్టెలు బడికి తగునా యని అచ్చట పెద్దచర్చ లేచినది. 1889 లోనే త్సురుఓకాలో ఒక బడి బీదపిల్లలకు అన్నపుముద్దలు, చేప, ఊరుగాయ పెట్టియుండెను. 1954 లో బడిభోజనమునకు చట్టమే చేసిరి. క్యారటును పువ్వుగా కోసి, అన్నమును కుందేలుగా అచ్చొత్తి పెట్టు నేటి వినోదపు బెంతో ఈ చరిత్రకంతకును తరువాతి అధ్యాయము. పూటకూటి దిగులు తీరినపిదపనే అన్నము కుందేలుగా మారినది.

మన దేశమున కేంద్రప్రభుత్వపు బడిభోజన పథకము 1995 ఆగస్టు 15 న ఆరంభమైనది. మొదట చాలచోట్ల ధాన్యమును పంచి ఊరకుండిరి. వండిన భోజనమే పెట్టవలెనని 2001 నవంబరు 28 న సుప్రీంకోర్టు ఆదేశించెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003 జనవరిలో పొయ్యి వెలిగినది. ప్రాథమిక తరగతుల బిడ్డకు 100 గ్రాములు, ఆ పై తరగతులవారికి 150 గ్రాములు బియ్యము. దానితో పప్పు, కూర, కొన్ని దినములు గ్రుడ్డు. చేవెళ్ళ సర్కారు బడిలోను, మొయినాబాదు బడిలోను నేడు పిల్లలు ఒకే గిన్నె నుండి వడ్డించుకొని ఒకే వరుసలో తినుచున్నారు. మూత వెనుక దాచవలసినది ఏదియును లేదు.

అయితే ఆ వరుసకు వండువారి మాట యొకటి చెప్పవలసియున్నది. వారు తరచుగా అదే గ్రామపు స్వయంసహాయక సంఘముల స్త్రీలు. కేంద్రము 2009 లో వారికి కట్టిన గౌరవవేతనము నెలకు 1000 రూపాయలు. తమ యింట మిక్సీ తిరుగుచుండగా, బడి వంటపాకలో కట్టెలపొగ నడుమ పెద్ద తపేలాలను దించవలసిన స్థితి పలుచోట్ల చూచినాము. ఇంటి పనిముట్టు బడివరకు నడచుటకు ఇంత ఆలస్యమేల? పిల్లవాని డబ్బాను ముచ్చటగా తీర్చు అచ్చులను నగరపు దుకాణములలో ఏరుకొను తల్లులున్న ఈ దారిలోనే, నూరుమందికి పప్పు ఎనుపుటకు మంచి సాధనము లేని వంటమనుషులును ఉన్నారు.

ఇంటి డబ్బా మాత్రము మానలేదు. ప్రైవేటు బడుల బస్సులు పల్లెపల్లెకు వచ్చుచుండుటచే అది పెరిగినదనియే చెప్పవలెను. తోటలోని క్యారటును తురిమి అన్నములో కలుపుట, ఇడ్లీపిండిని చిన్నగుంటల పెనములో పొంగణాలుగా వేయుట, రొట్టెను చుట్టి ముక్కలుగా కోయుట ఈ తల్లుల కొత్తయుక్తులు. గరిజెల అచ్చుతో చపాతీని మడిచి లోపల కూర పెట్టువారును గలరు. పాత అచ్చుకు ఇది కొత్త ఉద్యోగము.

బతుకమ్మ తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ. చింతపండు, పెరుగు, నువ్వులు, కొబ్బరి, నిమ్మకాయ వంటివి కలిపిన అన్నములు వేరువేరుగా చేసి స్త్రీలు చెరువుగట్టునకు కొనిపోవుదురు. పూలను నీట విడిచినపిదప గుండ్రముగా కూర్చుండి సద్దులు విప్పుదురు. వెనుకటివలె ఆకులును గుడ్డమూటలును నేడు అరుదు. బిగుతుమూతల స్టీలు డబ్బాలే ఎక్కువ. మూతలు తీసి పక్కన పెట్టుదురు, ఒకరి సద్ది మరియొకరి చేతిలో పెట్టుదురు, చీకటి పడువేళకు ఖాళీడబ్బాలతో ఇండ్లకు మరలుదురు. ఏ మూత ఏ డబ్బాదో ఇంటికి పోయినపిదప గాని తేలదు.